మా మామ ముట్టించిన దీపం

ఇటు జరగండి బిడ్డలారా. గడప మీద కూర్చుంటే గాలి నా మాటను మీకంటే ముందు బజారుకు పట్టుకుపోతుంది. చాప మీద జాగా ఉంది. చేటలో పల్లికాయలు ఉన్నాయి, ఒలుచుకుంటూ వినండి. చేతులకు పని దొరికితేనే చెవులు కుదురుగా ఉంటాయి.

మొన్న సంతలో ఒకాయన నన్ను పక్కవాళ్లకు చూపించి, భజనకు జాగా ఇచ్చిన ఇంటి పెద్దమ్మ ఈమెనే అన్నాడు. వాళ్లు చేతులెత్తి మొక్కారు. నేను కొంగు సర్దుకొని, కూరగాయల బుట్టలోకి చూస్తూ నిలబడ్డాను. ఈ మాట నేను వినడం మొదటిసారి కాదు. విన్న ప్రతిసారీ తల కిందికే పోతుంది. ఆ జాగా మేము ఇచ్చింది కాదు. మా ఇల్లు వేరేవాళ్లకు అప్పజెప్పబోతే, ఊరు పాడి నిలబెట్టుకున్నది. అది ఎట్లా జరిగిందో చెప్పకపోతే, ఆ మొక్కులు నా వెంట ఇంటిదాకా వస్తాయి.

దేవరకొండ నుంచి ఎడ్లబండి మీద పొద్దున బయలుదేరితే అన్నం వేళకు చేరే ఊరు మా అత్తగారి ఊరు. ఇంటి పక్కనే, దారికి ఆనుకొని, పొడుగాటి కొట్టం ఒకటి ఉండేది. మట్టి గోడలు, పైన బోదగడ్డి కప్పు. మా మామ తండ్రి పసులకని కట్టించాడు. ఒక కరువు ఏడు మేత లేక పసులను అమ్ముకున్నారట. ఖాళీ అయిన కొట్టంలో మేము కూర్చొని పాడుకుంటామని ఊరివాళ్లు అడిగారు. ఆయన సరే అన్నాడు. కాగితం లేదు, కిరాయి లేదు. గూటాలు పీకి, పేడ అలికి, గోడకు దేవుని పటం తగిలించారు. అంతే.

నేను కోడలిగా వచ్చేనాటికి ప్రతి శనివారం పొద్దుగూకే వేళకు అక్కడ భజన. కాపులు, కుమ్మరులు, గొల్లలు, సాలెలు, పని దిగి వచ్చి కాళ్లు కడుక్కొని కూర్చునేవారు. అందరికీ పెద్ద ఒక మేర తాత. పగలంతా రైకలు కుట్టేవాడు, శనివారం హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఆ హార్మోనియంలో ఒక మెట్టు పలికేది కాదు. పాటలో ఆ మెట్టు వచ్చిన చోట తాత గొంతు పెట్టి నింపేవాడు. కొత్తవాళ్లకు ఆ సంగతి తెలిసేదే కాదు. ఎంత అలికినా కొట్టంలో పాత పసుల వాసన పోలేదు. వాన పడితే ఆ వాసన లేచేది. ఇప్పటికీ ఎక్కడన్నా తడిసిన పసుల కొట్టం దాటి పోతుంటే నాకు తాళాల చప్పుడు వినబడుతుంది.

నా పెండ్లి కుదిరింది కూడా అక్కడే. మా బాపుది పొరుగూరు, మంచి పాటగాడు. వాళ్ల ఊరి జట్టును తీసుకొని ఒకసారి ఈ కొట్టానికి పాడడానికి వచ్చాడట. మా మామకు పాట రాదు. తాళం కూడా ఒకటి ముందో వెనకో పడేది. కాని వినడం వచ్చు. తలుపు పక్కన కూర్చొని విని, పాట అయిపోయాక మా బాపు దగ్గరికి వచ్చి, నీకు పిల్ల ఉన్నదా అని అడిగాడట. ఉన్నది అన్నాడు బాపు. మాకు పిలగాడు ఉన్నాడు అన్నాడు మామ. ఇద్దరూ ఒకే చెంబు నీళ్లు తాగారు. అందుకని ఆ కొట్టం నాకు పుట్టింటికీ అత్తింటికీ నడుమ గడప లాంటిది.

తరువాత కొన్నేండ్లకు నాగార్జునసాగర్ కట్ట పని జోరందుకుంది. వయసు మగవాళ్లు మూటముల్లె కట్టుకొని రాళ్ల పనికి పోయారు. మా ఆయన కూడా పోయాడు. శనివారం నాడు కొట్టంలో ముసలివాళ్లు, కాళ్లు నొచ్చినవాళ్లు మిగిలారు. అదే ఏడు మా ఊరి దారి మీద కంకర పడింది, లారీలు తిరిగాయి. దేవరకొండ షావుకారు ఒకాయన ఆముదాల పంట కొని నిల్వ చేయడానికి దారి పక్కన జాగా వెతుక్కుంటూ వచ్చి మా కొట్టం చూశాడు. మా మామను పటేలా పటేలా అని పిలిచి, నెత్తికి చుట్టిన రుమాలు బాగుందని పొగిడి, కిరాయికి అడిగాడు. పాడేవాళ్లు ఎట్లాగూ కట్ట పనికి పోయారు, ఖాళీ కొట్టానికి తాళం వేస్తే ఏం తప్పు అనుకున్నాడు మా మామ. మాట ఇచ్చాడు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. చుట్టుపక్కల అందరికీ ఆ సంగతి తెలుసు. ఆయనకైతే ఇంకా బాగా తెలుసు.

భజనవాళ్లను పిలిచి, పంట కోతకు వచ్చేలోపల పటం, హార్మోనియం తీసుకుపొమ్మని మెత్తగానే చెప్పాడు. వాళ్లు గొడవ చేయలేదు. మేర తాత ఒక్క సప్తా చేసుకొని ఖాళీ చేస్తామన్నాడు. ఇన్నేండ్లు పాడిన జాగాను ఊరికే విడిచిపోవద్దు కదా అన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు.

"దీపం నీ చేత్తోనే ముట్టియ్యాలె పటేలా. జాగ నీది. నీకంటే పెద్ద చెయ్యి ఊర్ల ఎవలిది?"

సప్తా అంటే తెలుసు కదా. ఏడు రోజులు రాత్రీ పగలూ నామం తెగకుండా పాడడం. నడుమ దీపపు సెమ్మె పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ, వంతుల వారీగా పాడతారు. మా వైపు దీనికి ఒక కట్టు ఉంది. దీపం ఏ చేయి ముట్టించిందో చివరి మంగళారతి ఆ చేయే పట్టాలి. ఎప్పుడు పట్టాలో మాత్రం ఆ మనిషి చెప్పకూడదు. పాడేవాళ్లు 'చాలు' అనాలి. వాళ్లు అనేదాకా దీపం కొండెక్కకూడదు. కొండెక్కితే ఆ కీడు ముట్టించిన ఇంటికే. పైగా దీపం ఉన్నన్నాళ్లు ముట్టించినవాడు ఎవరినీ కోపపు మాట అనకూడదు, ఆ జాగాలోంచి ఎవరినీ లేవమనకూడదు.

ఈ కట్టు మా మామకు తెలియక కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కాని పెద్ద చెయ్యి అన్న మాట చెవిలో పడ్డాక మిగతావి వినబడలేదు. నెత్తికి కొత్త రుమాలు చుట్టుకొని, తెల్ల ధోతి కట్టుకొని, ఊరంతా చూస్తుండగా వంగి వత్తి ముట్టించాడు. నేను కొంగు నెత్తి మీదికి లాక్కొని ఆడవాళ్లలో నిలబడి ఉన్నాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఏడు రోజులు పండుగలాగే గడిచాయి. కట్ట పని నుంచి కొందరు సెలవు పెట్టుకొని వచ్చారు. ఎనిమిదో రోజు పొద్దున మా మామ తల స్నానం చేశాడు. నేను హారతి పళ్లెం సిద్ధం చేశాను. పసుపు, కుంకుమ, కర్పూరం, తమలపాకులు. ఆయన పళ్లెం పట్టుకొని కొట్టం తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల వాళ్లు తిరుగుతూనే ఉన్నారు, పాడుతూనే ఉన్నారు. కాసేపటికి వంతు మారింది. కొత్తవాళ్లు తాళాలు అందుకున్నారు. ఎవరూ చాలు అనలేదు. ఎవరూ ఆయన వంక చూడలేదు. ఆయన ఒక కాలి మీది బరువు ఇంకొక కాలి మీదికి మార్చుకున్నాడు. చూసినవాళ్లు చెప్పారు, మేర తాత కండ్లు మూసుకొని పాడుతున్నాడట.

మామ అట్లాగే పళ్లెం పట్టుకొని ఇంటికి తిరిగి వచ్చాడు. నా చేతికి ఇచ్చి, లోపల పెట్టు అన్నాడు. కర్పూరం వెలిగించనే లేదు. ఆ పళ్లెం ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. దేవుని దగ్గర పెట్టలేను, కడిగి బోర్లించలేను. దాని మీద ఒక చేట మూసి పెట్టాను.

అప్పటికి ఊరందరికీ అర్థమయింది. దీపం ఉన్నన్నాళ్లు కొట్టానికి తాళం పడదు. దీపం దించమని ఆయన అనలేడు. కోప్పడలేడు. తనను తానే తెచ్చి కట్టేసుకున్నాడు.

మా అత్తమ్మ మామతో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పాల్సింది బర్రెకు చెప్పేది, ఆయన అరుగు మీద కూర్చొని వినేవాడు. ఆ రోజు బర్రెకు మేత వేస్తూ అన్నది, "సూసినవానే బర్రె, షావుకారు రుమాలు బాగున్నదంటే పటేలు ఉబ్బిండ్రు. గిప్పుడు ఊరోళ్లు గా రుమాల్తోనే కట్టేసిండ్రు. నీకన్న జర నయం, నిన్ను కట్టాల్నంటే తాడన్న తేవాలె."

మామ ఏమీ అనలేదు. అనకూడదు కదా.

ఆముదాల కోత మొదలయింది. షావుకారుకు ఈ గొడవ పట్టలేదు. ఇచ్చిన మాట ప్రకారం బండ్లు పంపించాడు. కొట్టంలో నామం నడుస్తుంటే బస్తాలు ఎక్కడ దించాలి? మా అరుగు మీద దించారు. అరుగు నిండితే నడింట్లో, నడిల్లు నిండితే వంటింటి గోడ పొంటి. మామ మంచం వాకిట్లో పడింది. మేము బస్తాల నడుమ కూర్చొని అన్నం తినేవాళ్లం. ఇల్లు మొత్తం ఆముదాల వాసన. ఇటు మా ఇల్లు గోదాము అయింది. అటు ఊళ్లో ఇంటింటి నుంచి గరిటెడు ఆముదం ఆ దీపానికి పోతున్నది. ఒక్క మా ఇంటి నుంచే పోవడం లేదు. మా ఇంట్లో మనుషులకంటే ఎక్కువ ఆముదాలు ఉన్నాయి మరి.

నీళ్లకు బాయి దగ్గరికి పోతే ఆడవాళ్ల మాట ఆగిపోయేది. నేను చేద వేసి, తోడుకొని, బిందె నెత్తికి ఎత్తుకొనేదాకా ఎవరూ మాట్లాడరు. నాలుగడుగులు వేశాక వెనక మళ్లీ మొదలయ్యేది. ఒకసారి కుమ్మరోళ్ల వదినె మాత్రం ముందటనే అన్నది, "మీ మామ హారతి పళ్లెం సల్లారిందంట గద పిల్లా. నిప్పు గావాల్నా?" అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చినట్టయింది. సగం నిండిన బిందెనే ఎత్తుకొని వచ్చేశాను. ఆమె దుర్మార్గురాలు కాదు. నా కాన్పుకు పథ్యం వండి పెట్టిన మనిషి. అందుకే ఆ మాట అంత లోతుకు దిగింది. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

నామం మాత్రం తెగలేదు. ఏడు రోజులకని మొదలుపెట్టింది ఎన్నాళ్లకు పోతుందో ఎవరికీ తెలియదు. గొంతులు పోయినవాళ్లు మిరియాల కషాయం తాగి మళ్లీ వచ్చేవారు. ఊళ్లో చాలినంత మంది లేక పక్క ఊళ్లకు కబురు పెట్టారు. ఒక్కొక్క ఊరి జట్టు వచ్చి తమ వంతు పాడి పోయేది. అట్లా ఒక పొద్దున దారి మీద తాళాల సంచులు భుజాన వేసుకొని కొందరు వస్తుంటే చూశాను. ముందట మా బాపు ఉన్నాడు.

నా చేతిలో చీపురు ఉంది. అట్లాగే నిలబడిపోయాను. బిడ్డ ఉన్న ఊరికి తండ్రి వస్తే ముందు బిడ్డ ఇంటికి వస్తాడు. కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, మనుమరాలిని ఎత్తుకొని, అప్పుడు ఇంకెక్కడికన్నా పోతాడు. బాపు మా వాకిలి దాటి ముందుకు పోతున్నాడు. అత్తమ్మ లోపలి నుంచి చూసి, చెంబు నిండా నీళ్లు ముంచి నా చేతికిచ్చి, పో అన్నది. నేను దారి మీదికి ఉరికాను.

"బాపూ, ఇంట్లకు రా."

"వస్త బిడ్డ. దీపం దిగినంక వస్త."

"నీళ్లన్న తాగు."

చెంబు తీసుకున్నాడు. కాళ్లు కడుక్కున్నాడు. మిగిలిన నీళ్లు చెంబులోనే ఉంచి నాకు తిరిగి ఇచ్చాడు. గొంతు ఎండిపోయి ఉన్నదని పెదవులు చూస్తేనే తెలుస్తున్నది.

"మీ మామతోని నాకు పంచాది లేదు బిడ్డ," అన్నాడు. "గాయిన ఇంట్ల నీళ్లు తాగి, గాయిన మాటకు అడ్డం పోయి పాడుడు నాతోని గాదు. ఆయన మంచోడు. అందుకే తాగుత లేను."

మామ వాకిట్లో మంచం మీదనే ఉన్నాడు. దారి ఎంత దూరమని, అన్నీ విన్నాడు. నేను చెంబు పట్టుకొని లోపలికి వస్తుంటే నా మొహం వంక చూడలేదు, చెంబు వంక చూశాడు. సగం నీళ్లు ఉన్నాయి. ఆ పూట అన్నం ముందట కూర్చొని, రెండు ముద్దలు కలిపి, కంచం పక్కకు జరిపాడు. అత్తమ్మ కూడా ఆ రోజు బర్రెకు ఏమీ చెప్పలేదు.

బిడ్డలారా, నలుగురిలో మాట పడడం ఒక తీరు సిగ్గు. అది నాలుగు రోజులకు మాసిపోతుంది. మనని ప్రేమించిన మనిషి, మన ఇంటి నీళ్లు మర్యాదగా వద్దని చెప్పడం ఇంకొక తీరు. అది మాసిపోదు. మా బాపు నన్ను తప్పు పట్టలేదు. మామను తప్పు పట్టలేదు. ఆ చెంబు మాత్రం నా చేతిలో బరువైపోయింది.

మరునాడు పగటి పూట, అన్నాలు తిన్న వేళకు, కాలం కాని కాలంలో గాలివాన లేచింది. ముందు దుమ్ము, తరువాత పెద్ద పెద్ద చినుకులు. మా బస్తాల మీద గోనెలు కప్పుదామని నేనూ అత్తమ్మా ఉరుకుతున్నాం. అప్పుడు కొట్టం కప్పు చప్పుడయింది. గాలికి ఒక మూల బోదగడ్డి లేచి, దారి మీద పడి దొర్లుతున్నది. లోపల నామం గట్టిగా అయింది. గాలిని మించి పాడుతున్నారు.

మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. కప్పు లేచిన మూల చూశాడు. లోపల దీపం ఉంది. తన చేత్తో ముట్టించిన దీపం. గొంగడి పట్టుకొని ఉరికాడు. నెత్తి మీద రుమాలు లేదు. మా మామను రుమాలు లేకుండా బజారులో చూడడం ఊరికి అదే మొదలు.

అత్తమ్మ నా దిక్కు చూసింది. "నూనె అయిపోతదేమో పిల్లా. వానల ఇంటింటికి ఎవలు తిరుగుతరు," అన్నది. ఉట్టి మీద వంటాముదం కుండ ఉంది. అత్తమ్మ తన చేతులతో ఆముదాలు వేయించి, దంచి, కాచి తీసినది, చంటిపిల్లల ఒంటికని దాచింది. ఆ కుండనే దించి నా కొంగు కిందికి పెట్టింది.

నేను కొట్టంలోకి పోయేసరికి నేల మీద నీళ్లు పారుతున్నాయి. పాడేవాళ్లు నీళ్లలోనే తిరుగుతున్నారు. నడుమ సెమ్మె మీద దీపం, దాని పైన గొంగడి. గొంగడి ఒక అంచు మామ చేతుల్లో ఉంది. రెండో అంచు మా బాపు చేతుల్లో ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా, చేతులు పైకెత్తి, తడుస్తూ నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ దీపాన్నే చూస్తున్నారు. బాపు పాడుతున్నాడు. మామ పెదవులు కూడా కదులుతున్నాయి. తాళం ఒకటి వెనక పడుతున్నది.

నేను వంగి ప్రమిదలో ఆముదం పోశాను. మా ఇంటి నుంచి ఆ దీపానికి పోయిన మొదటి నూనె అదే.

వాన తగ్గాక మేర తాత వరుసలోంచి ఇవతలికి వచ్చాడు. మిగతావాళ్లు ఆపకుండా పాడుతూనే ఉన్నారు. తాత మామ ముందట నిలబడి, చేతులు కట్టుకున్నాడు. మాట బొంగురుపోయి ఉంది.

"పటేలా, నిన్ను దీపం ముట్టియ్యుమన్ననాడే మా కడుపుల కపటమున్నది. నీ మంచితనం అడ్డం పెట్టుకొని నిన్ను కట్టేసినం. నీ మొకం సూడలేక గిన్నొద్దులు కండ్లు మూసుకోని పాడిన."

మామ గొంగడి పిండుతున్నాడు.

"నా కడుపుల లేదా ఏంది," అన్నాడు. "ఏడు రోజులు పాడుకోని పోతరు, ఎనిమిదో నాడు తాళం ఏస్తనని మురుసుకుంట ముట్టిచ్చిన. దేవుని దీపం గట్ల ముట్టియ్యొచ్చునా?"

"గట్లయితే జాగ మాట చెప్పు పటేలా. చాలంటం."

"ఇప్పుడు చెప్పియ్యకు. నా మాటొకటి బజార్ల ఉన్నది. ముందుగాల దాన్ని ఎనుకకు తెచ్చుకోని, అప్పుడు చెప్త. అప్పటిదాక పాడుండ్రి."

తెల్లవారి దేవరకొండకు బయలుదేరాడు. బాపు తోడు పోయాడు. అక్కడ ఏమయిందో మామ ఎప్పుడూ చెప్పలేదు. బాపు చాలా రోజుల తరువాత నాకు చెప్పాడు. షావుకారు గద్దె మీదనే ఉండి, మామను కూర్చోమనలేదట. మామ రుమాలు తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడట. కొట్టం ఇవ్వలేను, తప్పయింది, బస్తాలు తీసుకుపొమ్మని అడిగాడట. షావుకారు కోప్పడలేదట. నవ్వాడట.

"మాట ఎనుకకు తీస్కొనుడు గూడ ఉంటదా పటేలా? నాకు తెల్వదు. నువ్వు మాటిస్తే రాసినట్టే అనుకున్న."

అక్కడే ఉన్న రైతులందరూ విన్నారట. మామ రుమాలు మడిచి చంకలో పెట్టుకొని బయటికి వచ్చాడట. వచ్చే దారి పొడుగునా నెత్తికి చుట్టుకోలేదని చెప్పాడు బాపు. ఆ తరువాత మామ దగ్గర ఎవరు ఏ బేరం చేసినా వేలిముద్ర అడిగారు. బొటనవేలికి మసి పూసి ముందుకు పెట్టిన ప్రతిసారీ నేను మొహం తిప్పుకొనేదాన్ని. అంతకుముందు ఆ వేలికి అంత పని లేకుండె.

పొద్దుగూకకముందే ఇద్దరూ తిరిగి వచ్చారు. మామ నేరుగా కొట్టం దగ్గరికి పోయి, తలుపు బయటనే నిలబడి, "జాగ మీదే. పాడుకోండ్రి," అన్నాడు. లోపల మేర తాత తాళం ఒక్కసారి గట్టిగా కొట్టి, చాలు అన్నాడు.

నేను చేట తీసి ఆ హారతి పళ్లెం బయటికి తెచ్చాను. తమలపాకులు ఎండిపోయాయి, కొత్తవి పెట్టాను. మామ కర్పూరం వెలిగించి హారతి పట్టాడు. ఊరంతా కండ్లకు అద్దుకున్నది. ఎవరూ కేరింతలు కొట్టలేదు. గెలిచినవాళ్లు కూడా తలలు వంచుకునే ఉన్నారు. అంత మంది సిగ్గుపడిన మంగళారతి నేను మళ్లీ చూడలేదు.

బాపు అక్కడి నుంచి మా ఇంటికి వచ్చాడు. బస్తాల నడుమ కూర్చొని చెంబెడు నీళ్లు గటగటా తాగాడు. అత్తమ్మ అడగకుండానే ఇంకొక చెంబు ముంచి పెట్టింది. అదీ తాగాడు.

తరువాత కొన్నేండ్లకు, కట్ట పని నుంచి తిరిగి వచ్చినవాళ్లు తలా ఇంత వేసుకొని, ఆ కొట్టానికి రాతి గోడలు పెట్టి పైన బండలు కప్పారు. గోడకు సున్నం కొట్టి, చదువుకున్న పిల్లవాడు ఎవరో తలుపు మీద నల్ల రంగుతో రాశాడు. మామకు చదువు రాదు. నాకు పంతులు దగ్గర నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కొనేంత వచ్చు. ఏం రాశారు పిల్లా అని అడిగాడు. నేను కూడబలుక్కొని చదివాను. ఈ జాగా దానం చేసిన పుణ్యాత్ముడు అని రాసి, పక్కన మామ పేరు రాశారు.

ఆయన చాలాసేపు ఆ రాతల వంక చూశాడు. ఒక్క అక్షరం తెలియకపోయినా ఒక్కొక్కటే చూశాడు.

"ఇంట్ల జాజు ఉన్నదా?" అన్నాడు.

ఉన్నదన్నాను. ఆ ఎర్రమట్టి తెచ్చి నీళ్లలో కలిపాను. నన్ను నిచ్చెన ఎక్కించి, తాను కింద పట్టుకొని, ఆ రాత మీద మొత్తం పూయించాడు. తెల్ల గోడ మీద ఎర్ర పట్టీ మిగిలింది. ఊరివాళ్లు అది అందానికి పెట్టిందనుకున్నారు. రాత పోయింది కాని, మాట పోలేదు. నోటి నుంచి నోటికి పోయి మొన్న సంతదాకా వచ్చింది.

బతికినన్నాళ్లు మామ ప్రతి శనివారం భజనకు పోయాడు. లోపలికి మాత్రం పోలేదు. తలుపు బయట ఒక బండ వేయించుకొని దాని మీద కూర్చునేవాడు. పెద్దలు లోపలికి రమ్మంటే, ఇక్కడ గాలి తగులుతున్నది అనేవాడు. మా బాపు వచ్చినప్పుడు ఆయన కూడా పాట అయ్యాక ఇవతలికి వచ్చి అదే బండ మీద కూర్చునేవాడు. ఇద్దరికీ నేను ఒకే చెంబులో నీళ్లు తెచ్చేదాన్ని.

పల్లికాయలు అయిపోయినట్టున్నాయి, ఇక లేవండి. మీ ఇంటి గడపకు వచ్చినవాళ్లు దప్పికతో వెనక్కు మళ్లకుండా కడుపునిండా నీళ్లు తాగి పోవాలి. మీ మగవాళ్లు తమ మాటను ఎవరి ముందూ మడిచి చంకలో పెట్టుకొనే రోజు రాకూడదు. ఎంత గాలి లేచినా, గొంగడి రెండో అంచు పట్టుకొనే చేతులు మీకు దొరకాలి. మీ ఇంట్లో ముట్టించిన దీపం కొండెక్కకుండా, మీరంతా చల్లగా బతకాలి బిడ్డలారా.